ఇంటిలోపలి గాలిని బాగుచేసుకోవడం: ఓరుగల్లు, ఉత్తర తెలంగాణ ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల్లో ఒక తరం కిందటి వరకు ఎక్కువగా కనిపించినవి గూన పెంకుల ఇళ్లు. వాటిలో వంటింటికి పొగగొట్టం లేకపోయినా, పెంకుల సందుల్లోంచి, గోడకూ కప్పుకూ నడుమ మిగిలిన ఖాళీలోంచి పొగ కొంతైనా పైకి పోయేది. ఇప్పుడు అదే జాగాలో స్లాబు ఇల్లు లేచింది, కిటికీలకు అద్దాల రెక్కలు వచ్చాయి, ఏసీ పెట్టుకున్న గదిలో ఉన్న సందులు కూడా మూసుకుపోయాయి. స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి, పొద్దున ఊదుబత్తీలు, రాత్రి దోమల కాయిల్, చలికాలంలో కుంపటి మాత్రం ఎప్పటిలాగే సాగుతున్నాయి. ఇల్లు మారి అలవాట్లు మారకపోవడం వల్ల పొగ ఇదివరకటి కంటే ఎక్కువసేపు మనతోపాటే ఇంట్లో ఉంటోంది.

ఈ మార్గదర్శిలో అడుగులను ఒక వరుసలో పెట్టడానికి కారణం ఉంది. పొగ, ధూళి పుట్టే చోటనే వాటిని తగ్గించడం మొదటి పని. తగ్గించలేని దానికి బయటికి దారి చూపడం రెండో పని. మిగిలిన దానిని తుడిచి, కడిగి తీసెయ్యడం మూడో పని. గాలిని శుద్ధి చేసే యంత్రం కొనడం వీటన్నిటి తర్వాత వచ్చే మాట. చాలామంది ఈ వరుసను తిరగేసి, ముందు యంత్రం కొని, దాని పక్కనే కాయిల్ వెలిగించుకుంటున్నారు.

ముందుగా తెలుసుకోవలసింది

ఇంటి గాలిలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేవి 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన ధూళికణాలు. వీటిని పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఈ కణాల పరిమాణం ఊహించుకోవచ్చు. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు; ఇవి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల వరకు చేరి, వాటిలో అతి సూక్ష్మమైనవి రక్తంలోకి కూడా ప్రవేశిస్తాయి. అందువల్ల పొగ చేసే హాని దగ్గు, ఆయాసంతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి అయిన సీఓపీడీ, కంటి శుక్లాలు కూడా ఆ పట్టికలోనివే. పొగలో పెరిగే ఐదేళ్లలోపు పిల్లలకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు అవుతుంది, గర్భిణి పొగ పీల్చుకుంటే తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుంది. వంట ఇంధనాల పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారనీ, వారిలో 2,37,000 మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది.

ఈ సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. బయటి గాలికి మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణాలు ఇంతకంటే చాలా సడలింపుగా ఉన్నాయి: ఏడాదికి 40, 24 గంటలకు 60. గాలి ఆడని వంటింట్లో కట్టెలు మండించినప్పుడు ఈ కణాలు ఆమోదయోగ్యమైన స్థాయికి వంద రెట్ల వరకు చేరగలవు.

మొదటి అడుగు: వారం రోజులు రాసి పెట్టండి

ఒక నోటు పుస్తకం తీసుకుని, ఇంట్లో ఏది ఎప్పుడు మండుతోంది, ఏ గదిలో మండుతోంది, అప్పుడు ఆ గదిలో ఎవరున్నారు, కిటికీ తెరిచి ఉందా అన్నవి వారం పాటు రాయండి. ఇందులో వంట ఒక్కటే కాక నీళ్లు కాచడం, పసుల కుడితి ఉడకబెట్టడం, పూజ, కాయిల్, ఎవరైనా తాగే బీడీ లేదా చుట్ట, ఇన్వర్టరు బ్యాటరీ, ఇంటి ముందర చెత్త తగలబెట్టడం అన్నీ ఉండాలి. ఎవరికి ఏ పూట దగ్గు వస్తోంది, ఎవరి కళ్లు మండుతున్నాయి, తలనొప్పి ఎప్పుడు మొదలై ఎక్కడికి వెళ్తే తగ్గుతోంది అన్నది పక్క గడిలో రాయండి. వారం తిరిగేసరికి, ఇంట్లో గ్యాస్ ఉన్నా రోజుకు ఎన్ని గంటలు కట్టె మండుతోందో లెక్క తేలుతుంది.

ఇంటి గోడలు కూడా చెప్పేది చాలా ఉంటుంది. వంటింటి తలుపు పైభాగంలో, ఫ్యాను రెక్కల అంచుల మీద, దేవుడి పటాల వెనక గోడమీద తెల్లటి గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. నల్లటి మసి అంటితే అది మంట పొగ, జిగురుగా పసుపుపచ్చగా అంటితే అది నూనె ఆవిరి, బూడిదరంగు పొడి రాలితే అది వీధి దుమ్ము. పడకగదిలో మసి కనిపిస్తే వంటింటి పొగ అక్కడి దాకా నడిచి వస్తోందని అర్థం.

పీఎం 2.5 కొలిచే చిన్న పరికరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొనుక్కోగలిగితే మంచిదే, అయితే అది చూపే అంకెను శాసనంగా తీసుకోకండి. కాంతిని ప్రసరింపజేసి కణాలను లెక్కించే ఈ పరికరాలు వానాకాలపు తేమలో ఉన్నదానికంటే ఎక్కువ చూపుతాయి. కిటికీ తెరిచినప్పుడు, మూసినప్పుడు, పోపు వేసినప్పుడు, వేయనప్పుడు అంకె ఎంత మారుతోందో పోల్చుకోవడానికే వాటిని వాడుకోవాలి.

రెండో అడుగు: పొయ్యి దగ్గర పొగను తగ్గించడం

పేదల ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్వల పథకం 2016 మే 1న మొదలైంది. అంతకుముందే ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద ఎన్నో ఇళ్లకు గ్యాస్ పొయ్యిలు వచ్చాయి. ఇటీవల మహాలక్ష్మి పథకం కింద అర్హులకు 500 రూపాయలకే సిలిండరు అందుతోంది. అయినా పల్లెల్లో గ్యాస్ వచ్చిన ఇంట్లో కట్టెల పొయ్యి ఆరిపోలేదు. చాయ, కూర గ్యాస్ మీద అవుతాయి. నలుగురికి స్నానాల నీళ్లు, పదిమందికి అన్నం, పసుల కుడితి మాత్రం కట్టెల మీదికి పోతాయి. పత్తి ఏరిన తర్వాత చేలో మిగిలిన పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు పైసా ఖర్చు లేకుండా ఇంటికి వస్తున్నప్పుడు వాటిని కాల్చవద్దని చెప్పడం తేలికే గాని, వినడం కష్టం. కనుక గ్యాస్‌ను ముందుగా ఏ పనికి కేటాయించాలన్నది నిర్ణయించుకోవాలి. ఇంటి లోపల, కప్పు కింద జరిగే ప్రతి మంటకూ గ్యాస్ వాడండి. కట్టె తప్పదనుకున్న పనిని కప్పు కింది నుంచి పెరట్లోకి జరపండి. నీళ్ల పొయ్యి వంటింటి మూల నుంచి పెరటి గోడ పక్కకు వెళ్లినా ఆ ఇంటి ఆడవాళ్లు పీల్చే పొగ ఎంతో తగ్గుతుంది. అది కిటికీకి, పక్కింటివారి కిటికీకి ఎదురుగా ఉండకూడదన్నది మాత్రం మరవకూడదు. డాబా ఉన్నవారికి సోలార్ వాటర్ హీటరు ఆ పొయ్యిని ఏడాదిలో చాలా నెలల పాటు ఆర్పగలదు.

కట్టె కాల్చక తప్పనప్పుడు అది ఎంత ఎండి ఉందన్నదే అసలు సంగతి. పచ్చి కట్టెలో ఉన్న నీరు ఆవిరి కావడానికే కొంత వేడి పోతుంది, మంట లేవక పొగ వస్తుంది. లావు మొద్దులను చీల్చి, నేలకు తగలకుండా రాళ్ల మీదో ఇటుకల మీదో పేర్చి, వానకు పైన రేకు కప్పి, పక్కలకు గాలి ఆడేటట్లు వేసవి అంతా ఎండనివ్వాలి. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొడితే ఠంగుమని మోగాలి. దబ్బుమని మొద్దుబారిన చప్పుడు వస్తే ఇంకా ఆగాలి. పొయ్యి నిండా కట్టె కుక్కకుండా, సన్నటి పుల్లలతో మొదలుపెట్టి, మంట కింది నుంచి గాలి లోపలికి వెళ్లేటట్లు చూడాలి. మంట అంటుకోవడానికి పాలప్యాకెట్లు, ప్లాస్టిక్ సంచులు, సైకిలు ట్యూబు ముక్కలు వేయడం మన దగ్గర సర్వసాధారణంగా కనిపిస్తుంది. ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలు ఉంటాయి, ఎండు కొబ్బరి పీచు, మక్క బెండ్లు అదే పనిని శుభ్రంగా చేస్తాయి.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు బొగ్గు పొయ్యి వాడే ఇళ్లకు వేరే మాట చెప్పాలి. శుద్ధి చేయని బొగ్గును ఇంటి ఇంధనంగా వాడనే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో స్పష్టంగా చెప్పింది, కిరోసిన్‌ను కూడా మానుకోవాలంది. రాజేసిన బొగ్గు మీద పొగ కనిపించకపోయినా గంధకపు వాయువు, కార్బన్ మోనాక్సైడు వస్తూనే ఉంటాయి. అక్కడ పొయ్యిని పక్కకు జరిపితే సరిపోదు, ఇంధనాన్నే మార్చుకోవాలి.

గ్యాస్ పొయ్యికి పొగ లేదు కదా అని వదిలేయడానికి లేదు. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగు నాలుకలు లేచి గిన్నె అడుగు నల్లబడుతుంటే గ్యాస్ పూర్తిగా మండడం లేదన్న మాట. బర్నరు చల్లారిన తర్వాత తీసి, రంధ్రాలను సన్నటి తీగతో శుభ్రం చేసి, ఆరబెట్టి బిగించండి. అప్పటికీ పసుపు పోకపోతే మెకానిక్ చేత గాలి వచ్చే మార్గాన్ని సరిచేయించండి. నీలి మంట నుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడు వస్తుంది, ఆస్తమా ఉన్న పిల్లలకు అది పడదు. ఎల్పీజీ గాలి కంటే బరువైనది కనుక లీకైతే నేల మీద పేరుకుంటుంది. వాసన వస్తే లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయకుండా రెగ్యులేటరు మూసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాకే 1906కు ఫోను చేయాలి.

నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సంక్రాంతికి సకినాలు, గారెలు, అరిసెలు చేసే రెండు మూడు రోజులు చాలా ఇళ్లలో ఏడాది మొత్తం మీద ఎక్కువ నూనె పొగ పుట్టే రోజులు. నూనె నుంచి సన్నటి నీలి పొగ లేవడమంటే అది విరిగిపోతోందని గుర్తు. మంట తగ్గించాలి, ఒకసారి మాడిన నూనెను మళ్లీ పొయ్యెక్కించకూడదు. పెద్ద మూకుడును ఇంటి వెనక నీడ పట్టున పెట్టుకుని నలుగురూ కూర్చుని చేసుకునే పద్ధతి పాతదే, ఆరోగ్యం దృష్ట్యా దానికి మించినది లేదు. ఎండుమిర్చి వేయించడమూ అంతే. ఆ ఘాటుకు ఇంట్లో అందరూ దగ్గడం తమాషాగా అనిపించినా, ఆస్తమా ఉన్నవారికి అది దాడిని తెచ్చిపెట్టగలదు.

మూడో అడుగు: పొగకు దారి చూపడం

గాలి బయటికి పోవాలంటే ఇంకోచోటి నుంచి లోపలికి రావాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినవారిలో చాలామంది మరిచిపోయేది దీనినే. తలుపు, కిటికీ మూసి ఫ్యాను వేస్తే అది ఊరికే తిరుగుతుంది. ఫ్యాను పక్కనే ఉన్న కిటికీ తెరిస్తే బయటి గాలి అటు నుంచి వచ్చి ఇటు నుంచే పోతుంది, పొయ్యి మీది పొగ అలాగే ఉంటుంది. పొయ్యికి దగ్గరగా, గోడ పైభాగాన ఫ్యాను ఉండాలి. దానికి ఎదురు వైపు తలుపో కిటికీయో తెరిచి ఉండాలి. లోపలికి వచ్చిన గాలి వంట చేసే మనిషిని దాటి, పొయ్యిని దాటి ఫ్యాను చేరాలి. ఒక సన్నటి కాగితపు ముక్కను ఫ్యాను జాలీకి దగ్గరగా పట్టుకుని చూడండి. అది జాలీకి అతుక్కుంటే ఫ్యాను పని చేస్తున్నట్లు, వేలాడుతుంటే లోపలికి గాలి దారి లేనట్లు, జాలీ నుంచి గదిలోకి ఎగిరితే ఫ్యానును తిరగేసి బిగించినట్లు.

ఎంత ఫ్యాను కావాలన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది. వంటింటి పొడవు, వెడల్పు, ఎత్తు గుణించండి: 10 అడుగులు, 8 అడుగులు, 10 అడుగులు అయితే 800 ఘనపు అడుగులు. వంటింట్లో గాలి గంటకు కనీసం 15 సార్లు మారాలనుకుంటే గంటకు 12,000 ఘనపు అడుగులు, అంటే సుమారు 340 ఘనపు మీటర్ల గాలిని ఫ్యాను లాగాలి. డబ్బా మీద రాసిన అంకె జాలీ, జిడ్డు, గాలి ఎదురు లేనప్పటిది కనుక దానికంటే పెద్దది తీసుకోవాలి. పొయ్యి వెలిగించక ముందే ఫ్యాను వేసి, ఆర్పిన తర్వాత ఇంకో పది పదిహేను నిమిషాలు తిరగనివ్వాలి.

పొయ్యి పైన బిగించే విద్యుత్ చిమ్నీలు రెండు రకాలు. ఒకటి గొట్టం ద్వారా పొగను బయటికి పంపుతుంది. రెండోది లోపలే వడపోసి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. రెండో రకం నూనెను కొంత పట్టుకుంటుంది గాని వాయువులను బయటికి పంపదు. గొట్టం ఉన్నదానినే తీసుకుని, వంపులు తక్కువగా, పొట్టిగా, నేరుగా ఆరుబయటికి వచ్చేటట్లు వేయించండి. హన్మకొండలోని కొన్ని అపార్ట్‌మెంట్లలో ఈ గొట్టాన్ని బట్టలారేసే వసారాలోకి వదిలేస్తున్నారు. ఆ పొగ పక్క కిటికీలోంచి మళ్లీ ఇంట్లోకే వస్తుంది.

కట్టెల పొయ్యి లోపలే ఉండక తప్పని ఇంట్లో పొగగొట్టం ఒక్కటే దారి. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం పొగరాని పొయ్యిల పథకాన్ని దేశమంతటా నడిపింది, ఎన్నో పల్లెల్లో ఆ పొయ్యిలు కట్టారు. గొట్టంలో మసి తీసేవారు లేని చోట అవి మూలపడ్డాయి. కనుక గొట్టం పెట్టేటప్పుడే దానిని ఎవరు, ఎప్పుడు శుభ్రం చేస్తారన్నది అనుకోవాలి. గొట్టం ఇనుపదో మట్టిదో కావాలి, సిమెంటు రేకుల రకంది వద్దు. కప్పు మీద రెండు మూడు అడుగులు పైకి లేవాలి, పైన వాన పడకుండా టోపీ ఉండాలి, కప్పులో గడ్డి, కర్ర తగిలే చోట మంట అంటుకోకుండా ఖాళీ వదలాలి. రోజూ వాడే పొయ్యి గొట్టాన్ని నెలకొకసారైనా దులపాలి.

నాలుగో అడుగు: ఊదుబత్తీ, సాంబ్రాణి, కాయిల్

పూజ మానమని ఎవరూ చెప్పరు, చెప్పనక్కరలేదు. నూనె దీపం ఒకటి వెలిగించి, ఊదుబత్తీని ఒకటికి తగ్గించి, సాంబ్రాణి ధూపాన్ని వాకిట్లోనో తెరిచిన కిటికీ దగ్గరో వేసి, పొగ బయటికి పోయేదాకా ఆ గదిలో పడుకోకుండా ఉంటే చాలు. ఊదుబత్తీ నుంచి వచ్చే పొగలో ఉన్నవి కూడా సూక్ష్మ కణాలే. సువాసన ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తులకు తేడా తెలియదు. పసిపిల్లకు తలంటు పోసి తల ఆరడానికి సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం పూర్తిగా మానుకోవలసిన అలవాటు. మెత్తటి తువ్వాలుతో తుడిచి కాసేపు ఎండ పొడన ఉంచితే ఆ జుట్టు నిమిషాల్లో ఆరుతుంది.

దోమల కాయిల్ మీద 2003లో వెలువడిన ఒక అధ్యయనం, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చే వాటితో సమానమని తేల్చింది. మూసిన గదిలో మంచం కింద పెట్టి రాత్రంతా దాని పక్కన పడుకోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ద్రవం పోసిన ప్లగ్గు మందులో పొగ లేదు గాని అది కూడా పురుగుమందే. పడుకునే ముందు కాసేపు వేసి ఆపడం మేలు. అసలు పరిష్కారం కిటికీలకు, వెంటిలేటర్లకు జాలీ బిగించడం, మంచానికి దోమతెర కట్టడం. జాలీ వేసిన కిటికీ సాయంత్రం కూడా తెరిచి ఉంటుంది కనుక దోమల సమస్యతోపాటు గాలి సమస్య కూడా సగం తీరుతుంది. వేపాకు పొగ, గుడ్ల అట్టల పొగ సహజమైనవని కొందరు వాడుతున్నారు. పొగ ఏ ఆకుదైనా పొగే.

ఐదో అడుగు: కుంపటి, గ్యాస్ గీజరు

ఈ అడుగులో చెప్పినవి వెంటనే చేయవలసినవి, ఎందుకంటే మిగిలిన కాలుష్యం ఏళ్ల తరబడి దెబ్బతీస్తే కార్బన్ మోనాక్సైడు ఒక్క రాత్రిలో ప్రాణం తీస్తుంది. దానికి రంగు, వాసన లేవు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి చలి తట్టుకోవడానికి కుంపటిని లోపలికి తెచ్చి తలుపు బిగించుకునే ఇళ్లు ఉన్నాయి. ఎర్రటి నిప్పుల మీద పొగ లేదు కనుక ప్రమాదం లేదని అనుకుంటారు. నిజానికి పొగ తగ్గి నిప్పులు కణకణలాడే వేళలోనే ఈ వాయువు ఎక్కువగా వస్తుంది. కుంపటి దగ్గర మేలుకుని ఉన్నంతసేపు తలుపు కొంత తెరిచి ఉంచండి, నిద్రకు ముందు దానిని తప్పనిసరిగా బయట పెట్టండి.

బాలింత గది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తల్లికీ బిడ్డకూ గాలి సోకకూడదని కిటికీలన్నీ మూసి, సందులకు గుడ్డలు కుక్కి, మంచం కింద నిప్పులు పెట్టే పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది. అమ్మమ్మలు చెప్పిన దాంట్లో వెచ్చగా ఉండాలన్న మాట సరైనదే. ఆ వెచ్చదనం నిప్పుల నుంచి కాక తల్లి ఒంటి నుంచి, టోపీ, సాక్సులు, దుప్పటి నుంచి రావాలి. బిడ్డను తల్లి గుండెకు ఆనించి దుప్పటి కప్పితే చాలినంత వెచ్చదనం అందుతుంది. మంచానికి గాలి సూటిగా తగలకుండా చూసుకుని, పై వెంటిలేటరు తెరిచి ఉంచితే పెద్దవారి మాటా దక్కుతుంది, గాలీ ఆడుతుంది.

గ్యాస్ గీజరు స్నానాల గది లోపల ఉండకూడదు. బయటి గోడకు బిగించి వేడినీళ్ల గొట్టాన్ని మాత్రం లోపలికి తేవాలి. జనరేటరును మెట్ల కింద, కారు షెడ్డులో నడపకూడదు. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కనుక దానిని పడకగదిలో, మూసిన అలమరలో పెట్టకూడదు.

ఇంట్లో ఒకే వేళ ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతులు, మత్తు వస్తే తిన్నదేదో పడలేదనుకోకుండా అందరినీ ముందు ఆరుబయటికి తీసుకువచ్చి 108కి ఫోను చేయండి. వేలికి పెట్టే ఆక్సిమీటరు 98 చూపినా నమ్మకండి. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని ఆ పరికరం ఆక్సిజన్ నిండిన రక్తంగానే చదువుతుంది.

ఆరో అడుగు: ఇంట్లోనే పని, ఇంట్లోనే పంట

ఉత్తర తెలంగాణ ఇళ్ల గాలిని నగరాల కోసం రాసిన సలహాలతో బాగుచేయలేకపోవడానికి కారణం ఇక్కడ ఇల్లే కార్ఖానా కావడం. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి జిల్లాల్లో లెక్కలేనంత మంది ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఆ కూలితో ఇల్లు నడుపుతున్నారు. చాటలోని తంబాకు పొడి ప్రతి కదలికకూ కొంచెం లేస్తుంది. నికోటిన్ గాలి ద్వారానే కాక చేతి చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. చుట్టే చోటును అర్రలోంచి వాకిట్లోకి, అరుగు మీదికి మార్చుకోవడం మొదటి పని. వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో చుట్టకూడదు. తంబాకు సంచి మూతి కట్టి ఉండాలి, చాటలోకి కావలసినంతే తీయాలి. పని ముగిశాక రాలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తీయాలి. బిడ్డకు పాలిచ్చే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, పైన వేసుకున్న పాత గుడ్డను తీసెయ్యాలి. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే సన్నటి పొడి ఆగదు, ఎన్95 మాస్కు ఆపుతుంది. ఎండాకాలం అది పెట్టుకుని గంటల తరబడి కూర్చోవడం మాటలు కాదు కనుకనే గాలి ఆడే చోటు ముఖ్యం.

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒకే గోడ, కొన్నిచోట్ల అది కూడా లేని పరిస్థితి. నూలు దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే బిసినోసిస్ అనే జబ్బు వస్తుంది. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోవడం, ఆ తర్వాతి రోజుల్లో కొంత సర్దుకోవడం దాని గుర్తు. ఈ గుర్తు కనిపించిన వెంటనే వైద్యుడికి చెప్పాలి. షెడ్డు నుంచి ఇంట్లోకి ఉన్న తలుపును మూసి ఉంచి రాకపోకలకు బయటి దారి పెట్టుకోవడం, సాంచాల కింది పీచును గాలి కొట్టి ఎగరగొట్టకుండా తడిపి తీయడం, పని బట్టలతో పక్కమీద వాలకపోవడం చేయగలిగినవి.

ఇక వరంగల్ చుట్టుపక్కల పత్తి రైతుల ఇళ్లలో, ఎనుమాముల మార్కెట్‌కు ధర చూసుకుని తోలే దాకా పత్తి ఉండేది పడకగదిలోనే. గది సగం దాకా పత్తి పోసి, మిగిలిన సగంలో మంచాలు వేసుకుని, రాత్రంతా దురదతో దగ్గుతో గడిపే కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. గది ఒక్కటే ఉంటే పత్తిని దట్టమైన గుడ్డ సంచుల్లో తొక్కి మూతి కుట్టి ఒక గోడకు పేర్చండి, దానికీ మంచానికీ మధ్య పరదా కట్టండి. పిల్లలను, దమ్ము (ఆయాసం) ఉన్న ముసలివారిని ఆ రోజుల్లో వేరేచోట పడుకోబెట్టండి. పురుగుమందు డబ్బాలు, కొట్టే పంపు, మందు కొట్టినప్పటి బట్టలు ఇంటి లోపలికి రానే కూడదు. మంచం కింద దాచిన మందు డబ్బా మూత ఎంత బిగించినా వాసన వస్తోందంటే ఆ మందు గాలిలో ఉన్నట్లే. బయట తాళం వేసిన పెట్టె ఒకటి చేయించుకోవాలి.

సిమెంటు రేకుల ఇల్లున్నవారికి ఒక్క మాట. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది; కదలకుండా ఉన్నంతకాలం భయం తక్కువ, కోసినా రంధ్రం వేసినా లేచే పొడి క్యాన్సర్ కారకం. తడిపి, ఆరుబయట, పిల్లలు లేనప్పుడే ఆ పని చేయించాలి.

ఏడో అడుగు: చెమ్మ, దుమ్ము

వానాకాలంలో స్లాబు కారి గోడకు నల్లటి బూజు పట్టినప్పుడు దాని మీద సున్నం వేసి కప్పిపుచ్చడం వల్ల లాభం లేదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపి, బూజును సబ్బునీటితో తుడిచి ఆరబెట్టిన తర్వాతే రంగు. అలమరను గోడకు ఆనించకుండా జానెడు జరిపితే వెనక చెమ్మ చేరదు. కూలరులో నీటిని రోజూ మార్చి, పక్కల తడకలను వేసవి మొదట్లో కొత్తవి వేసుకోవాలి. కూలరు వేసినప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి.

వాకిట్లో సాన్పి చల్లి ఊడ్చే అలవాటు వెనక ఉన్న బుద్ధి ఇంటి లోపలికీ పనికి వస్తుంది: పొడి చీపురు కంటే తడిగుడ్డ మేలు. బొంతలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుట్టి క్షణాల్లో ఊపిరి ఆడకుండా చేస్తుంది.

ఎనిమిదో అడుగు: కిటికీ ఎప్పుడు తెరవాలి

తెల్లవారుజామున కిటికీలు తెరిస్తే మంచి గాలి వస్తుందన్న నమ్మకం చలికాలానికి సరిపోదు. చలి రాత్రుల్లో నేల దగ్గరి చల్లటి గాలి పైకి లేవక, వీధి పొగ, మంటల పొగ పొద్దెక్కే దాకా అక్కడే నిలిచి ఉంటాయి. నవంబరు నుంచి జనవరి వరకు పొద్దున పది గంటల నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఎదురెదురు కిటికీలు తెరవడం మేలు. వరి కోతలయ్యాక కొయ్యలు తగలబెట్టే రోజుల్లో పొగ తమ వైపు వస్తుంటే మూసుకోవాలి. వేసవిలో పొద్దున, రాత్రి. వానాకాలంలో వాన వెలిసిన వెంటనే. వంట వేళ మాత్రం ఏ కాలమైనా తెరిచే ఉండాలి.

తొమ్మిదో అడుగు: యంత్రాలు, మొక్కలు

పై పనులన్నీ చేశాక కూడా ఇల్లు పెద్ద రోడ్డు పక్కనో, రైస్ మిల్లు పక్కనో ఉండి, ఇంట్లో ఆస్తమా రోగి ఉంటే గాలి శుద్ధి యంత్రం గురించి ఆలోచించవచ్చు. హెపా వడపోత ఉన్నదే కావాలి; అది 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టుకుంటుంది. గది కొలతకు సరిపోయేది కొని, పడుకునే గదిలో, తలుపు మూసి నడపాలి, వడపోతను గడువు ప్రకారం మార్చాలి. ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. ఓజోన్ వదిలే రకాలు వద్దు, ఓజోన్ ఊపిరితిత్తులను కాలుస్తుంది. హెపా వడపోత కార్బన్ మోనాక్సైడును ఆపదు కనుక కుంపటి పక్కన యంత్రం ఉందన్న ధీమా పనికిరాదు.

కుండీ మొక్కలు ఇంటి గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989 నాటి నాసా ప్రయోగం నుంచి వచ్చింది. అది గాలి చొరని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. మామూలు ఇంట్లో అంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని 2019 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. అందానికి పెంచుకోండి, మందుగా భావించకండి.

పదో అడుగు: ఒంట్లో తేడా కనిపిస్తే

రెండు వారాలకు మించిన దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పిల్లికూతలు, దగ్గులో రక్తం, పిల్లలు ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకలు లోపలికి పోవడం ఇంట్లో ఆగదగిన లక్షణాలు కావు. రెండు వారాల దగ్గు క్షయ కూడా కావచ్చు కనుక కఫం పరీక్ష తప్పనిసరి. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పొగతాగని ఆడవాళ్లకు సీఓపీడీ వస్తుందని చాలామంది అనుకోరు, ఆయాసాన్ని వయసు మీదికో బలహీనత మీదికో తోసేస్తారు. కనుక వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి: ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారు, రోజుకు ఎన్ని గంటలు, బీడీల పని ఉందా, సాంచాల మీద చేశారా, ఇంట్లో పత్తి ఎప్పుడు పోశారు. మొదటి అడుగులో రాసిన నోటు పుస్తకం అక్కడ పనికి వస్తుంది. గొట్టంలోకి బలంగా ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష సీఓపీడీని ఎక్స్‌రే కంటే ముందే పట్టుకుంటుంది, ఆ పరీక్ష చేయించమని అడగండి. వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ వెంట తీసుకువెళ్లండి.

ఇన్‌హేలరు వాడితే అలవాటు పడిపోతామన్న భయంతో చాలామంది దాన్ని మధ్యలో ఆపేసి మాత్రలకు, సూదిమందులకు తిరుగుతారు. ఇన్‌హేలరులో మందు మోతాదు మాత్రలో కంటే చాలా తక్కువ, అది సూటిగా ఊపిరితిత్తులకే చేరుతుంది. పిల్లలకూ ముసలివారికీ స్పేసరు అనే గొట్టం తగిలించి వాడాలి, స్టెరాయిడ్ ఇన్‌హేలరు తీసుకున్నాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మాలి. మందు మొదలుపెట్టిన రోజే పొయ్యిని పెరట్లోకి జరపకపోతే, డోసు పెంచమని మళ్లీ ఆసుపత్రికి వెళ్లవలసి వస్తుంది.